కొంగున కట్టిన తాంబూలం

పోయిన వారం మీరు నన్ను మంగినపూడి ఇసుకలో, చక్రాలు కూరుకుపోయిన జీపు పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వెళ్ళారు. వారమంతా నేనక్కడే నిలబడి ఉన్నానని అనుకున్నా తప్పులేదు. ఆ పూట నాకూ అలాగే అనిపించింది.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి వెళ్తాను. నా పేరు రత్నకుమారి. బందరులో ఎగుమతుల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుని. పుట్టి పెరిగింది దివిసీమలో, కోడూరు. మా అమ్మ కృపమ్మ ఇప్పటికీ అక్కడే మిషను తరఫున బైబిల్ ఉమన్‌గా ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపిస్తుంది. సముద్రానికి అవతల ఒక దేశం ఉంది. దాని పేరు బయట పెట్టనని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టాను కాబట్టి, మా తీరంలో జనం అన్నట్టే అవతలొడ్డు అంటాను. మన దగ్గర ఎండే రొయ్యల్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క దేశమే కొంటుంది. ఈ మాఘమాసంలో ఉన్నట్టుండి కొనడం మానేసింది. కారణం రొయ్యల్లో లేదు. వాళ్ళ పెద్ద ఇంజను పడవలు మన ఒడ్డు దాకా వచ్చి చేపలు పట్టుకోడానికి ఢిల్లీ ఒప్పుకోవాలట. ఒప్పుకునేదాకా మీ రొయ్యలు మీరే తినండి అన్నారు.

ఢిల్లీ ఒప్పుకోలేదు సరికదా, ఎదురు తిరిగింది. ఎండు రొయ్యలకి ఒక ధర కట్టి, అంతకి తక్కువకి ఒక్క బస్తా కూడా తీరం దాటడానికి వీల్లేదంది. ఎవరికి వాళ్ళు పుచ్చుకున్న లైసెన్సులన్నీ రద్దు చేసి, ఎగుమతి హక్కు ప్రభుత్వ సహకార సొసైటీ ఒక్కదానికే ఇచ్చింది. అమ్ముడుపోని సరుకు సొసైటీయే కొని గోడౌనులో వేయాలంది. అవతలొడ్డు నుంచి మనకొచ్చే వక్కల మీద సుంకం కూడా పెంచింది. వాళ్ళ పెద్ద పండగ నెల రోజుల్లోకి వచ్చేసింది. ఎండు రొయ్య పడకుండా ఆ దేశంలో పండగ వంట లేదు. అందాకా మన తీరమంతా ఒక్క మాట మీద బిగపట్టుకుని ఉంటే దిగొచ్చేది వాళ్ళే. ఒక్క ఊరు జారినా మళ్ళీ మన మెడ వాళ్ళ చేతిలోకి వెళ్తుంది. సోమవారం నాడు ఢిల్లీలో మళ్ళీ మాటలు మొదలవుతాయి.

అందుకని మా ఆఫీసరు దైవాధీనంగారూ నేనూ ఊరూరా తిరిగి, సొసైటీకి తప్ప ఇంకెవరికీ అమ్మబోమని పడవల యజమానుల చేత అగ్రిమెంటు మీద వేలిముద్రలు వేయించాం. ఆ కాగితాల కట్ట చూసుకుని దైవాధీనంగారు రెండు రోజులపాటు ఆఫీసు వరండాలో ఈల వేసుకుంటూ తిరిగారు. గురువారం పొద్దున్నే కబురొచ్చింది, అవతలొడ్డు ఏజెంటు గోవర్ధనరావు మంగినపూడిలో బేరం ఖాయం చేసుకున్నాడని. ఈల ఆగిపోయింది. నేను కట్ట చంకన పెట్టుకుని జీపెక్కాను.

ధనరాజు ఒడ్డున వల బాగుచేసుకుంటూ దొరికాడు. మంగినపూడి పడవలవాళ్ళకి అతనే పెద్ద, నా కట్టలో మొట్టమొదటి వేలిముద్ర అతనిది. నన్ను చూసి లేచి తలగుడ్డ తీశాడు గాని చూపు మాత్రం వల మీదే ఉంచాడు. నాకు ఒళ్ళు మండింది. కాగితం తీసి అతని ముద్ర అతనికే చూపించి, ఇది నీ వేలేనా కాదా అని అడిగాను. తన వేలేనన్నాడు. ఇచ్చిన మాట మీదే ఉన్నామనీ, మంగినపూడిలో ఏ మగాడూ గోవర్ధనరావుకి ఒక్క రొయ్య అమ్మలేదనీ అన్నాడు. మరి అమ్మిందెవరయ్యా అంటే, రొయ్యలు ఆరబోసే మెరక వైపు గడ్డంతో చూపించాడు.

"మా అమ్మనడగండి," అన్నాడు.

పెద్దింట్లమ్మకి అరవై దాటి ఉంటాయి. మెరక మీద ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా వంగి రొయ్యలు తిరగేస్తుంటే, ఆవిడ మధ్యలో నిలబడి చీపురుకట్టతో కాకుల్ని తోలుతోంది. నేను ప్రభుత్వం తరఫున వచ్చానన్నాను. ఆవిడ తలెత్తి ఎండ చూసుకుని, తిరగేయడం అయ్యేదాకా ప్రభుత్వాన్ని ఆ తాటాకు పాక నీడన కూర్చోమంది. భారత ప్రభుత్వం అరగంట పైనే కాకులతో కలిసి కూర్చుంది.

పనయ్యాక వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని కాగితాలు చూపించమంది. చదువు రాకపోయినా కట్టంతా తిరగేసింది. ఒక్కో ముద్ర మీదా వేలు పెట్టి ఇదెవరిదని అడుగుతుంటే, ధనరాజుది, సత్తిబాబుది, బంగార్రాజుది అని నేను అప్పజెబుతూ పోయాను.

"వీళ్ళలో రొయ్యలున్నోళ్ళెవరు?" అంది.

నాకు అర్థం కాలేదు. వీళ్ళందరికీ పడవలున్నాయిగా అన్నాను.

"పడవలు వాళ్ళయ్యే. వలలూ వాళ్ళయ్యే. రొయ్యలు మాయి, అమ్మాయిగారూ."

తర్వాత ఆవిడే విడమరిచి చెప్పింది. వల లాగి ఒడ్డున కుప్ప పోసేదాకా సరుకు మగవాళ్ళది. ఇంటి ఆడది వచ్చి ఆ కుప్ప మీద గుప్పెడు ఉప్పు చల్లిందంటే అక్కణ్ణుంచి ఆవిడది. ఎండబెట్టేదీ, పొట్టు దంచేదీ, బస్తాకెత్తేదీ, బేరమాడేదీ ఆవిడే. మొగుడు ఇంట్లో రొయ్యలు గుప్పెడు తీసి చుట్టానికి పెట్టాలన్నా ఆవిణ్ణి అడగాల్సిందే. తాతల కాలం నుంచీ ఇంతేనట. అంటే తీరమంతా తిరిగి మేం వేయించుకొచ్చిన వేలిముద్రలు ఎందుకూ పనికిరావు. రొయ్యలు అమ్మనని మాటిచ్చినవాళ్ళకి అమ్మడానికి రొయ్యలే లేవు.

దైవాధీనంగారిని తిట్టుకుందామని చూశాను గాని కుదర్లేదు. ఆ ఫారం గీసింది నేను. పైన "సరుకు యజమాని" అని రాసిందీ నేనే, ప్రతి ఊళ్ళోనూ తిన్నగా మగవాళ్ళ దగ్గరికి నడిచిందీ నేనే. కోడూరులో పుట్టి, గంపలెత్తుకుని వీధులెంట తిరిగే ఆడవాళ్ళ దగ్గర రొయ్యలు కొనుక్కు తిని పెరిగినదాన్ని. నా ఇరవయ్యారేళ్ళలో ఒక్క మగాడు ఎండు రొయ్యలు అమ్మగా చూడలేదు. అయినా చేతిలోకి పెన్నూ కాగితమూ వచ్చేసరికి యజమాని అంటే మగాడే గుర్తొచ్చాడు. ఆడదాన్నై ఉండి ఈ పని చేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సిగ్గుపడ్డవాళ్ళకి కోపం ముందొస్తుంది కాబట్టి నేను ఆవిడ మీదే లేచాను. ఎంత మీ సరుకైతే మాత్రం, దేశమంతా పంతం పట్టి ఉంటే మీరొక్కరూ వెళ్ళి అవతలొడ్డుకి లొంగిపోతారా అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. సొసైటీ బండి వచ్చి పడవల దగ్గర నిలబడి, యజమానులు సరుకు తెచ్చి పోస్తారేమోనని చూసి వెళ్ళిపోతోందట. మెరక ఎక్కి ఒక్కసారైనా రాలేదట. పదకొండు రోజుల సరుకు పాకలో ఉంది, ఒక్క వాన కురిస్తే బూజు పడుతుంది. నాలుగిళ్ళల్లో అప్పుడే ఒంటిపూట తింటున్నారు.

"మమ్మల్ని అడిగినోడు ఆ గోవర్ధనరావొక్కడే. ఆకూ వక్కా పట్టుకొచ్చి, ఈ ఇసకలో మాకెదురుగా కూర్చుని అడిగాడు. మీరేమో మా ముందునించే జీపేసుకుని మావోడి దగ్గిరికెళ్ళారు. తాంబూలం పుచ్చుకున్నాను. పుచ్చుకోనా మరి?"

నేను చెప్పగలిగింది ఒక్కటే మిగిలింది. తప్పు నాదే పెద్దమ్మా, ఆ కాగితం రాసింది నేనే అన్నాను. ఆఫీసువాళ్ళ నోటి నుంచి అలాంటి మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదేమో, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దింట్లమ్మ ఏదో అనబోయింది. ఈలోగా ఎడ్ల మెడల్లో గంటలు వినిపించాయి.

రెండు ఖాళీ బళ్ళు, వాటి ముందు గొడుగు వేసుకుని గోవర్ధనరావు. గుడివాడ మనిషి, ఎప్పుడూ తెల్లటి గ్లాస్కో పంచె, పది గజాల దూరం నుంచి సెంటు వాసన. మనిషి మర్యాదస్తుడు, నాకు నమస్కారం పెట్టి క్షేమం అడిగాడు. ఆకలితో ఉన్నవాళ్ళ మీద ఆర్డర్లెందుకండీ రత్నకుమారిగారూ అన్నాడు. ధర కాస్త తక్కువే గాని ఇవాళే ఇస్తాననీ, సరుకు తీరం దాటించే సంగతి తను చూసుకుంటాననీ పెద్దింట్లమ్మతో చెప్పి, తాంబూలం అందరికీ పంచావా అని అడిగాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. వాళ్ళలో తాంబూలం పుచ్చుకోవడంతోనే బేరం ఖాయమైపోదు. పెద్దామె పుచ్చుకున్న ఆకుల్ని ముక్కలు చేసి మెరక మీద ఆడవాళ్ళందరికీ పంచుతుంది. అందరూ నమిలితేనే మాట ఇచ్చినట్టు. నమిలాక ప్రాణం పోయినా తిరుగు లేదు.

పెద్దింట్లమ్మ లేచి నిలబడి కొంగు ముడి విప్పింది. అందులో తాంబూలంతో పాటు గోవర్ధనరావు ఇచ్చిన బేరం కాగితం, మడతపెట్టి ఉంది, దాని లోపల వాడి, వడిలి, అంచులు నల్లబడ్డ తమలపాకులు, రెండు వక్కలు. నమల్లేదు. ఎవరికీ పంచలేదు.

"మూడు రోజుల్నించీ కొంగున కట్టుకు తిరుగుతున్నానమ్మాయిగారూ, మీవోళ్ళెవరన్నా వచ్చి మమ్మల్ని కూడా ఓ మాట అడుగుతారేమోనని," అంది నాతో. "ఇయ్యాలొచ్చారు. ముందీ కాగితంలో ఏముందో చదవండి. నమిలే ముందు తెలియాలిగా."

గోవర్ధనరావు అది తనకివ్వమని చెయ్యి చాపాడు. ఆవిడ నాకిచ్చింది. పై సగం తెలుగులో ఉంది. బస్తాలెన్ని, ధరెంత, సరుకు ఎప్పుడు ఎత్తాలి అన్నీ ఉన్నదున్నట్టు రాసి ఉన్నాయి. కింది సగం ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. వేలిముద్రలకి చోటు ఆ ఇంగ్లీషుకీ కింద వదిలారు.

ఇంగ్లీషు సగం మొదట నాలో నేను చదువుకున్నాను. తర్వాత లేచి నిలబడి, మెరక చివరన ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా తెలుగులో చదివాను. ఈ తీరంలో సముద్రాన్ని నమ్ముకుని బతికే మేమందరమూ కోరేదేమంటే, అవతలొడ్డు ఇంజను పడవలు మా ఒడ్డు దాకా వచ్చి చేపలు పట్టుకోవడానికి మాకే అభ్యంతరమూ లేదు, వాళ్ళు వస్తే మాకూ లాభమే, కాబట్టి ప్రభుత్వం వెంటనే అనుమతి ఇవ్వాలని మా మనవి. అంటే అవతలొడ్డు కొంటున్నది సరుకు కాదు, ఈ వేలిముద్రలు. సోమవారం ఢిల్లీలో బల్ల మీద ఈ కాగితం పెట్టి, మీ జనమే మమ్మల్ని రమ్మంటుంటే మీరెవరు కాదనడానికి అని అడుగుతారు. అడిగితే మనవాళ్ళ దగ్గర జవాబుండదు.

ఇంజను పడవలంటే ఏమిటో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పోయిన కార్తీకంలో ఒకటి చీకట్లో వచ్చి ధనరాజు వలని రెండు ముక్కలు చేసి వెళ్ళిపోయింది. మూడు కుటుంబాలు ఆరు నెలలు కూర్చుని అల్లిన వల. పొద్దున అతను ఒడ్డున బాగుచేస్తున్నది దాన్నే.

అదంతా ఒట్టి ఫార్మాలిటీ అన్నాడు గోవర్ధనరావు. పెద్ద దేశాల వ్యవహారంలో ఇలాంటివి రాస్తుంటారనీ, ఆ పడవలొచ్చినా ఎక్కడో లోతులో పట్టుకుంటాయనీ, ఇవాళ పొయ్యి మీదకి కుండ ఎక్కడం ముఖ్యం గాని అవన్నీ ఎందుకనీ నచ్చజెప్పాడు. అతని గొంతులో కరుకుదనం లేదు. అతనికి ఆ ఆడవాళ్ళంటే నిజంగానే జాలి ఉందేమో కూడా. ఆ జాలికే నాకు మరీ మండింది.

పెద్దింట్లమ్మ అతని దగ్గరికి నడిచింది. వడిలిన ఆకులూ వక్కలూ అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"పచ్చివి ఇచ్చారు బాబుగారూ, ఎండబెట్టి ఇస్తున్నాం. మా పనదేగా. వక్కలు కూడా మీ అవతలొడ్డుయ్యే అంటగా, సుంకం కట్టుకుని తీసుకెళ్ళండి."

మెరక మీద మొదట ఒకామె నవ్వింది. తర్వాత ముప్పైమందీ నవ్వారు. ఆకలి మీద ఉన్నవాళ్ళు అలా నవ్వుతారని నాకు తెలియదు. నాకు మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి.

నన్నూ ఊరికే వదల్లేదు ఆవిడ. సొసైటీ బండి రేపు పొద్దున్నే మెరక మీదకి రావాలంది, కాటా కూడా ఇక్కడే వేయాలంది. రాకపోతే మళ్ళీ ఎవరు ఆకులు తెచ్చినా అడ్డుపెట్టొద్దంది. బండి నేనే వెంటబెట్టుకొస్తానన్నాను. ఖాళీ అగ్రిమెంటు ఫారాలు మిగలకపోవడంతో పాతదాన్ని తిరగేసి వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. మొదట ఆవిడ పేరే అడిగి, అలవాటు కొద్దీ ధనరాజు తల్లి అని రాయబోయాను. రాసేటప్పుడు పైకి చదువుతానేమో, ఆవిడ నా పెన్ను పట్టుకుని ఆపింది.

"ధనరాజు తల్లినని కాదు. ఒట్టి పెద్దింట్లమ్మ అని రాయండి. ఎదురుగా సరుకు యజమాని అని రాయండి."

రాశాను. ముప్పయ్యొక్క పేర్లు రాశాను. వేలిముద్ర వేశాక ప్రతి మనిషీ తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాన్ని కాసేపు చూసుకుని గాని లేవలేదు. మంగినపూడి నిలబడింది. బందరు వెళ్ళి దైవాధీనంగారి చేత మళ్ళీ ఈల వేయించవచ్చు అనుకున్నాను.

గోవర్ధనరావు ఇంకా వెళ్ళలేదు. నీడలో నిలబడి మా వ్యవహారమంతా ఓపిగ్గా చూశాడు. అతను కోప్పడి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. బళ్ళు వెనక్కి తిప్పమని చెప్పి, నా దగ్గరికొచ్చి తోలుసంచీ తెరిచాడు.

"మంగినపూడి ఒక్కటే తీరమా అండీ. కోడూరులో నిన్న సాయంత్రమే నమిలేశారు. రేపటి రైలుకి ఈ కాగితం ఢిల్లీ వెళ్తుంది. నా కాగితం కాబట్టి మీ చేతికివ్వలేను, చూసుకోండి."

అతను రెండు చేతులతో పట్టుకుని నా కళ్ళ ముందు చాపాడు. అదే కాగితం. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. దాని కింద యాభైకి పైగా వేలిముద్రలు. అన్నీ చిన్నవి, ఆడవాళ్ళవి. నేను తీరమంతా తిరిగి చేసిన తప్పు ఇతను చేయలేదు. ఆఖరున ఒక వాక్యం, అందరికీ చదివి వినిపించి సాక్షి సంతకం చేసినది అని. సంతకం గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఉంది, కింద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. ఆ అక్షరాలు చిన్నప్పుడు నా వేలు పట్టి ఇసుకలో దిద్దించినవి.

కృపమ్మ, కోడూరు.

కోడూరులో ఎవరికి ఏ కాగితమొచ్చినా మా అమ్మ దగ్గరికే తెస్తారు. మిషను దొరసానిగారి దగ్గర తెలుగు చదువు నేర్చుకుంది. ఆ చదువు మూలానే ఊళ్ళో అందరూ ఆమెని కృపమ్మగారు అంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నా ఉద్యోగం ఆర్డరు ఇంగ్లీషులో వచ్చిన రోజు, వీధంతా చూస్తుండగా దాన్ని విప్పి, పై నుంచి కింద దాకా పెదాలు కదుపుతూ చదివినట్టు చదివి, బాగుందే అని నా చేతిలో పెట్టింది. నాకు తెలుసు. తెలుసని నేనెప్పుడూ అనలేదు. నిన్న కోడూరు మెరక మీదా అలాగే పెదాలు కదిపి ఉంటుంది.

నా మొహం చూసి పెద్దింట్లమ్మ దగ్గరికొచ్చింది. సంతకం ఎవరిదని అడిగితే మా అమ్మదని చెప్పాను. కింది సగం ఆమెకి చదవడం రాదని కూడా చెప్పాను. గోవర్ధనరావు కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, గొడుగు విప్పుకుని, బళ్ళ వెంట నడిచి వెళ్ళిపోయాడు. మా డ్రైవరు నాంచారయ్య అప్పటికి జీపు ఇసుకలోంచి బయటికి తీశాడు. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాటి పొద్దుగూకేలోగా కోడూరు చేరవచ్చన్నాడు.

పెద్దింట్లమ్మ చీపురుకట్ట పక్కామె చేతికిచ్చి, కొంగు నడుముకి బిగించి, నన్ను అడక్కుండానే జీపెక్కి కూర్చుంది.

"నమిలింది వెనక్కి రావాలంటే దారొకటే ఉంది," అంది. "చదివినామె వాళ్ళందరి ముందూ నిలబడి, కింద సగం నాకు రాదు, రాకుండానే సంతకం పెట్టానని చెప్పాలి. అప్పుడు గాని ఆ మాట చెల్లకుండా పోదు. చెప్తదా మీ అమ్మ?"

నాంచారయ్య ఇంజను స్టార్టు చేశాడు. నేను ఎక్కి కూర్చున్నాను. తనకి ఫలానాది రాదు అని మా అమ్మ ఎవరితోనైనా అనగా నేను పుట్టాక ఒక్కసారి కూడా వినలేదు.